జనరేటర్ ఓడిన నెల

నా చిన్నప్పుడు, తెలంగాణ వచ్చిన కొత్తలో, హాలియా దగ్గర మా ఊరి సెల్ టవర్‌కు మా బాపు కాపలా ఉండేవాడు. కరెంటు పోగానే జనరేటర్ నడపడం, డీజిల్ పోయడం ఆయన పని. దాని చప్పుడు వింటే చాలు, ఏం తక్కువైందో చెప్పేవాడు. అన్నం తినేటప్పుడు కూడా ఆయన చొక్కా డీజిల్ వాసనే వచ్చేది.

మిరపకాయలు ఏరే కాలంలో కంపెనీ వాళ్లు టవర్ కంచె లోపల సోలార్ పలకలు, కొత్త బ్యాటరీలు పెట్టారు. కరెంటు లేనప్పుడు ముందు బ్యాటరీలే టవర్‌ను నడపాలి, అవి చాలకపోతేనే జనరేటర్. నెల రోజులు చూసి, సోలార్ సరిపోతే జనరేటర్‌ను తీసుకుపోతామని ఇంజనీర్ చెప్పాడు. అది పోతే బాపు పని కూడా పోతుంది. నేను రోజూ బడి నుంచి వస్తూ మబ్బుల కోసం చూసేదాన్ని. ఒక్క మబ్బూ రాలేదు.

నెల ముగియడానికి రెండు రోజుల ముందు, బాపు పొద్దున్నే నల్గొండ దవాఖానకు పోయి సాయంత్రానికి తిరిగొచ్చాడు. అప్పటికే కరెంటు పోయి, బ్యాటరీలు కూడా ఖాళీ అయి టవర్ ఆగిపోయింది. ఆయన జనరేటర్ వేశాడు. ఆ చప్పుడుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత పలకల దగ్గరికి వెళ్లి చూస్తే, వాటి మీద మా అవ్వ పాత చీరలు పరిచి, జారిపోకుండా కొసలు కట్టి ఉన్నాయి. వాటి నిండా మిరపకాయలు. బాపు కంచె తాళం చెవి అవ్వకు ఇచ్చి పోయాడు మరి.

“ఖాళీగనే ఉన్నయి గద బిడ్డా. మేకలు రావు, ఎండ మంచిగ తాకుతది” అంది అవ్వ తాపీగా.

ఇంజనీర్‌కు చెప్పొద్దని బాపును బతిమాలాను. మర్నాడు ఇంజనీర్ వచ్చి సోలార్ చాలదేమో అనగానే బాపు, “తప్పు పలకలది కాదు సారూ. మా అమ్మ వాటి మీద మిరపకాయలు ఎండవోసింది. గా దినం లెక్కల పట్టకుండ్రి” అన్నాడు.

వారంలో జనరేటర్ లారీ ఎక్కింది. బాపు హాలియాలో బియ్యం మిల్లుకు మూటలు మోయడానికి పోయాడు. నేను ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

“నాకూ జనరేటరే ఇష్టం బిడ్డా. గని గెలిచింది అది కాదు” అన్నాడు మూడో రోజు.

ఇప్పుడు నా ఉద్యోగం ఏ టవర్‌కు డీజిల్ మేలో, ఏ టవర్‌కు సోలార్ మేలో పోల్చి చెప్పడం. బాపు మీద ఆనాటి కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది. అయినా ఏది గెలవాలని నేను కోరుకున్నానో అదే గెలిచిన రోజు, సంతకం పెట్టకముందు ఇంకోసారి టవర్ దాకా వెళ్లి చూసి వస్తాను.