సన్యాసమ్మ ఇంటి గడియ

తలుపు తొయ్యగానే పోలారావు అయ్యగారి కుడికాలి బొటనవేలి మీద రోకలి పడింది. అప్పటికింకా తెల్లారుతోంది. పడినది ఇనుప పొన్ను తొడిగిన రోకలి. అయ్యగారు దైవసేవకులు కనుక నోటివెంట ఏ మాటా రాలేదు. ఒంటికాలి మీద నిలబడి గుమ్మం పట్టుకున్నారు.

ఆయన వెనక ఇద్దరు సంఘ పెద్దలు నిలబడి ఉన్నారు. వాళ్లను టెక్కలి నుంచి రైలెక్కించి, దిగాక కవిటి తోటల ఇసుకలో బండి కుదుపులు తినిపించి, అంతదూరం తీసుకొచ్చింది ఈ తలుపు చూపించడానికే.

"ఇదేమిటమ్మా?" అన్నారు వారిలో పెద్దాయన.

"రోకలి బాబూ," అంది సన్యాసమ్మ.

"అది తెలుస్తోంది," అన్నారాయన.

సన్యాసమ్మ మొగుడు రంగూన్ కూలికి వెళ్లి అక్కడే పోయాడు. పిల్లలు లేరు. కొబ్బరిపీచుతో తాళ్లు పేనుకుని బతికేది. బాప్తిస్మం తీసుకున్నాక అయినవాళ్లు ఆ గుమ్మం తొక్కడం మానేశారు. రాత్రి మట్ట రాలినా ఉలిక్కిపడే మనిషి. అయినా తలుపుకి లోపల గడియ లేదు. ఒకనాడు ప్రార్థనకని వచ్చిన అయ్యగారు అది గమనించారు. "గడియ ఏదమ్మా?" అని అడిగి, జవాబు వచ్చేలోపే కళ్లు తుడుచుకుని, "అర్థమైంది. నీకు ప్రభువే గడియ," అన్నారు.

అది మొదలు ఆ తలుపు టెక్కలిలో, పలాసలో, సుమ్మాదేవిలో, అయ్యగారు వాక్యం చెప్పిన ప్రతిచోటా తెరుచుకుంది. విన్న ఆడవాళ్లు కొంగులు తడుపుకున్నారు. సన్యాసమ్మకు ఆరాధనలో ముందు చాప ఇచ్చారు. తోటకి అవతల ఒంటరిగా ఉండే బొడ్డమ్మ, కొత్తగా ప్రభువును నమ్ముకున్న మనిషి, ఇంటికెళ్లి తన తలుపు గడియ ఊడబీకి పొయ్యిలో పెట్టి అంబలి కాచుకుంది.

ఇప్పుడు రోకలి చప్పుడుకి ఆ బొడ్డమ్మే పరుగున వచ్చింది. అయ్యగారి వేలు చూసింది, రోకలి చూసింది, సన్యాసమ్మ మొహం చూసింది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే సన్యాసమ్మకు కాస్త నయంగా ఉండేది.

ఆ రోజు ఆదివారం. ఆరాధనకి బొడ్డమ్మ వచ్చింది గాని లోపలికి రాలేదు. సగంలోనే లేచిపోయేదానిలా బయట చూరు కింద కూర్చుంది. సాక్ష్యం చెప్పే వేళ సన్యాసమ్మ లేచింది. ముసుగు బాగా ముందుకు లాక్కుంది.

"గడియ నాను తియ్యలేదు అయ్యగారూ. సెదలు తినేసినాయి. కొత్తది సేయించుకుందుమనుకునేసరికి మీరు నమ్మకమన్నారు. ముందు సాపేసినారు. మరింక కాదనలేకపోనాను."

ఎవరూ నవ్వలేదు. టెక్కలి పెద్దాయన మాత్రం దగ్గారు.

"రోజూ తలుపుకి రోకలేసి, కదిపి సూసి, అప్పుడు ప్రార్థన సేసీదాన్ని. ఆయనతో మాటాడతన్నా సెవి రోకలి కాడే ఉండీది. ఈ సిగ్గు ఎక్కడ దాసుకోను?"

అయ్యగారు పసుపు గుడ్డ చుట్టిన తన వేలి వైపే చూస్తూ ఉండిపోయారు. ఎన్ని ఊళ్లలో చెప్పారో ఆయనకు గుర్తొస్తున్నట్టుంది.

"నేనూ నీ జవాబు వినలేదమ్మా," అన్నారు చివరికి. "గడియ పెట్టించుకో. ఆ చెక్కా ఆయనిచ్చిందే."

సన్యాసమ్మ ముందు చాప మీద మళ్లీ కూర్చోలేదు. అందరి మధ్య నుంచీ నడిచి బయటికి వెళ్లి, చూరు కింద బొడ్డమ్మ పక్కన నేల మీద కూలబడింది. ఆవిడ మొహం తిప్పుకుంది.

"నీ సంగతి ఇని నా గడియ పొయ్యిలో ఎట్టీసినాను వొదినా. ఆనాటికాడ్నుంచి కన్ను మూత్తే ఒట్టు. నక్క కూసినా లెగిసీది నానే, గాలి కొట్టినా నానే. నువ్వేటి, రోకలేసుకుని తొంగున్నావు. ఇంక నాను ఎవుల్ని నమ్మీది?"

సన్యాసమ్మ తల దించుకునే జవాబిచ్చింది.

"ఈ రేతిరి మీ ఇంట్లోనే తొంగుంటాను వొదినా, ముందు ప్రార్థన సేసుకుందుం, రోకలేసీది తరవాత."