కరువు అని పేరు పెట్టింది నేనే

ఇరవై ఏళ్లకు పైగా నేను చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. మా బాబాయి కొడుకుని బంధువులంతా ‘కరువు’ అని పిలుస్తారు. ఆ పేరు పెట్టిందీ, దానికి కారణమైన తప్పు చేసిందీ నేనే. పోయిన నెల రేపల్లెలో మేనకోడలి పెళ్లి భోజనాల దగ్గర, అమృతలూరులో పొలాలున్న మా మేనమామను వాడు రెండెకరాలు కౌలుకి అడిగాడు. “నీకా? కరువు చేతిలో చేను పెడితే గాదెలో ఎలకలు కూడా బతకవురా!” అన్నాడాయన. బంతి బంతంతా నవ్వింది. వాడి పక్కనున్న కూతురు మాత్రం అన్నం కలపడం ఆపేసింది.

నా ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటాయి, తెనాలిలో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, చెప్పులు బయట విడిచి, చల్లటి గదిలో భుజాలు రాసుకుంటూ కూర్చుని ఆడిన ఆటలు. నాకూ మా బాబాయి కొడుక్కీ పిచ్చి పట్టించింది పాతకాలపు రాజ్యాల ఆట. ఇద్దరు కలిసి ఒకే రాజ్యాన్ని ఏలవచ్చు. భట్టిప్రోలులో చేలగట్ల మీద పెరిగినవాడు కాబట్టి మావాడికి పంటలు, గాదె; నాకు సైన్యం. ప్రతి సైనికుడూ ఆ గాదెలోంచే తింటాడు. అది అడుగంటితే ఆయుధం పారేసి పోతాడు. “ఇంకో నాలుగు చేలు పండనీ అన్నయ్యా. నాట్లే పడకుండా భోజనాలకి పిలుస్తామా ఏంటి?” అనేవాడు వాడు.

బాపట్ల కుర్రాళ్లతో పందెం వేసుకున్న రోజు, మా కుర్చీల వెనక స్నేహితులంతా గుమిగూడారు. వాళ్ల ముందు గొప్ప చూపించుకోవాలన్న తహతహలో, వాడికి చెప్పకుండా చేలలోని పనివాళ్లను సగానికి పైగా గుర్రపు రౌతులుగా మార్చేశాను. వెనక ఈలలు. మావాడు బోసిపోయిన తన చేలను చూసి, నా వైపు చూశాడు. కాసేపటికి గాదె ఖాళీ అయింది, రౌతులు పారిపోయారు, బాపట్ల వాళ్లు తీరిగ్గా నడుచుకుంటూ మా కోటలోకి వచ్చారు.

“గాదె ఎవడు చూశాడ్రా?” అని అడిగారెవరో.

“ఇదిగో, ఈ కరువుగాడు!” అన్నాను.

నేను నిజం చెబుతానేమోనని వాడు నా కుర్చీ పక్కనే నిలబడ్డాడు. పెద్దవాణ్ణి కదా, ఎదురు చెప్పలేదు. మళ్లీ ఆ సెంటరుకి రాలేదు. పేరు మాత్రం వాడి కంటే ముందే బస్సెక్కి భట్టిప్రోలు చేరింది. తర్వాత ఒక ఏడాది వానలకు వాడి నిజమైన చేను మునిగినప్పుడు ఆ వేళాకోళమే అపశకునమైంది, కౌలు ఇచ్చేవాళ్లు వెనకాడసాగారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను, ఒకసారి కాదు.

ఆ సెంటరు పోయింది, ఆ పెట్టెల్లాంటి కంప్యూటర్లూ పోయాయి, ఎవరు గెలిచారో కూడా ఎవరికీ గుర్తులేదు. నేను నోటికొచ్చినట్టు విసిరిన మాట ఒక్కటే మిగిలింది.

పెళ్లి రోజు ఆ బంతిలోంచి ఎంగిలి చేత్తోనే లేచాను. “మావయ్యా, అప్పుడు ఆ ఆటలో గాదె ఖాళీ చేసింది నేను. వీడు వద్దన్నాడు” అన్నాను. “ఎప్పటి ఆటరా అది! అయినా ఆ చేను ఇస్తానని నిన్ననే ఇంకొకరికి మాటిచ్చేశాను” అని ఆయన పెరుగు వడ్డించమన్నాడు.

వాడి ముందుకి వెళ్లి, కూతురు వింటుండగా, “తప్పు నాదిరా, నన్ను క్షమించు” అన్నాను. వాడు తలెత్తకుండా కూతురి విస్తట్లో అన్నం కలపసాగాడు. వినబడలేదేమోనని మళ్లీ అన్నాను.