పేజీలో పాత ముఖం

మా ఆఫీసులో ఆయన్ని అందరూ ఫోటోల మాస్టారు అనేవాళ్లు. తప్పిపోయినవాళ్ల ఫోటోలు వెబ్ పేజీలో పెట్టడం ఆయన పని, ఫోన్లెత్తడం నా పని. ఊళ్లోని ఆశ్రయాలవాళ్లు పొద్దున్నే ఆ పేజీ తెరిచి, తమ దగ్గరకొచ్చిన కొత్త ముఖాలతో పోల్చి చూసుకునేవాళ్లు.

మహా చాదస్తపు మనిషి. ఎవరైనా ఫోన్లో "సన్నగా, పొడుగ్గా ఉంటాడండీ" అని మొదలుపెడితే చాలు, రిసీవర్ నా చేతిలోంచి లాక్కుని "మాటలొద్దమ్మా, పేజీ చూడండి. మాట పది రకాలుగా చెబుతుంది, ఫోటో ఒకటే చెబుతుంది" అనేవాడు. "మీ ఫోటోకి నోరొకటే తక్కువ" అని నేను దెప్పేదాన్ని. ఇంకో పట్టింపు కూడా ఉండేది. కొత్త ఫోటో వస్తే పాతది తీసేసి, అదే ఫైలు పేరుతో కొత్తది పెట్టేవాడు. ఒక మనిషికి ఒకటే పేరు, ఒకటే ఫైలు ఉండాలట.

ఆయన్ని పెంచింది అన్నయ్య. తండ్రి పోయాక తన చదువు మానేసి, ప్రెస్సులో పనికి చేరి తమ్ముణ్ణి చదివించాడు. అలాంటి మనిషికి తలలో గడ్డ లేచింది. ఆపరేషన్ అయ్యాక తన పేరే మర్చిపోయాడు. ఒక మధ్యాహ్నం వదినగారు బట్టలు ఆరేస్తుంటే, గడియ తీసుకుని ఎటో వెళ్లిపోయాడు.

మాస్టారు కంగారులో చేతికందిన ఫోటో పెట్టేశాడు. గుబురు మీసం, ఒత్తు జుట్టు, నిండు బుగ్గలు. మర్నాడు తేరుకుని, "ఛ, ఇప్పుడిలా లేడుగా!" అని తల కొట్టుకున్నాడు. మీసం లేకుండా, గుండుతో, చిక్కి సగమైన అన్నయ్య ఫోటో వెతికి, అలవాటు ప్రకారం అదే పేరుతో ఎక్కించాడు. తన కంప్యూటర్లో కొత్తదే కనిపించింది. ఇక ఒక్కో ఆశ్రయానికీ నాచేత ఫోన్ చేయించాడు. బస్టాండు దగ్గరి ఆశ్రయంలో ఆయా ఎత్తింది.

"కొత్త ఫోటో పెట్టాం, చూశారా?" అని అడిగాను.

"ఇప్పుడే చూశానండీ. ఇక్కడ రాత్రి ఒకాయన వచ్చారు గానీ, ఆ ఫోటోలో మనిషి కాదు."

"ఆయన ఎలా ఉన్నారో కాస్త..." అంటుంటే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు. "కాదన్నారుగా. పెట్టేసి, తర్వాతది కలుపమ్మా."

పెట్టేశాను. నా నోటికి హద్దూ పద్దూ లేదని పేరు. ఆ పూటే అది మూతపడాలా!

ఐదో రోజు పొద్దున ఆ అన్నయ్య వంతెన కింద దొరికాడు. రాత్రంతా వానలో నానిపోయాడు. అప్పటికే ప్రాణం పోయింది. జేబులో బస్టాండు దగ్గరి ఆశ్రయం వాళ్లిచ్చిన భోజనం చీటీ ఉంది.

చీటీ పట్టుకుని మాస్టారూ నేనూ వెళ్లాం. ఆయా పేజీ తెరిచి, "మీరడిగింది ఈయన కోసమే కదండీ?" అంది. తెరమీద గుబురు మీసం! మాస్టారు వంగి, కీబోర్డు మీద మూడు మీటలు కలిపి నొక్కి, పేజీని కొత్తగా తెప్పించాడు. పేజీ ఒక్క క్షణం తెల్లబడి మళ్లీ వచ్చింది. ఈసారి గుండు తల కనిపించింది.

"అయ్యో, ఈయనా!" ఆయా గుండెలు బాదుకుంది. "మూడు రోజులు ఆ బెంచీ మీదే కూర్చున్నారండీ. మూడు రోజులకి మించి మంచం ఇవ్వరు. ఎవరూ రాలేదని పంపించేశారు."

మొదట చూసిన ఫోటోని ఆ కంప్యూటర్ దాచిపెట్టుకుంది. ఫైలు పేరు మారలేదు కాబట్టి కొత్తదాన్ని అడగకుండా దాచిందే చూపించింది. పేరు చివర ఒక్క అంకె మార్చి ఉంటే కొత్తది తెచ్చుకునేది. అదేం బ్రహ్మవిద్య కాదు, ఆయనకి తెలిసిందే. ఆ పట్టింపు తగలెయ్య!

"ఏ ఆశ్రయానికీ చేరలేదని వదినగారికి చెప్పెయ్యండి మాస్టారూ. మీకు పుణ్యముంటుంది" అని దారి పొడుగునా బతిమాలాను. వినలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పేశాడు.

"ఆశ్రయానికి చేరాడు వదినా. మూడు రోజులున్నాడు. నేను ఫోటో సరిగ్గా పెట్టలేదు. పోల్చుకోలేక పంపించేశారు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ గోడకి ఆనుకుంది.

"ఆ మూడు రోజులూ అన్నం తిన్నాడా?"

"తిన్నాడట."

"నేను కలిపి పెడితే గానీ ముట్టేవాడు కాదు. అక్కడ ఎవరు పెట్టారో కనుక్కో బాబూ. వాళ్లకి దణ్ణం పెట్టి రావాలి."

మాస్టారు గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆ ఐదు రోజుల్లో ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడే.