ముప్పయ్యో నంబరు దారం

ఆ రోజుల్లో, అంటే మద్రాసులో ట్రాములు ఆగిపోయిన మరుసటి ఏడు, నాకు పంతొమ్మిదేళ్ళు. నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో ఏదైనా మిగిలిందేమోనని అప్పుడప్పుడు వెతికి చూసుకునేవాణ్ణి. ఒక్కటీ దొరికేది కాదు. ఇంగ్లీషు పేపరు తలకిందులుగా పట్టుకున్నా చదవగలనని మా ఇంట్లో నమ్మకం. (ఆ నమ్మకాన్ని కలిగించినవాణ్ణి నేనే.) సౌకార్‌పేటలో మా నాన్నది నూలు కొట్టు. స్కూలు చదువు అయిందనిపించుకుని ఆ కొట్లోనే గద్దె మీద కూర్చుని, వచ్చేపోయే నేతగాళ్ళకి నూలు గురించి, వాళ్ళు అడక్కపోయినా, ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. మా వ్యాపారానికి రెండే సూత్రాలు. ఒకటి, నూలుకి నంబరుంటుంది, నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఇరవయ్యో నంబరు దుప్పట్లకి, నలభై మామూలు చీరలకి, నూరో నంబరంటే ఊపిరి గట్టిగా విడిస్తే ఎగిరిపోయేటంత సన్నం. రెండు, సరుకు ఏదైనా తూకం చూసి కొనాలి. ఈ రెండు సూత్రాలతో భూమి మీద ఏ వస్తువునైనా బేరమాడి తేగలనని నా ధీమా.

పురసవాక్కంలో మా మేనమామ ఉండేవాడు. రైల్వే గార్డుగా ఇరవై ఎనిమిదేళ్ళు పచ్చజెండా ఊపి, ఆ ఏడే రిటైరయ్యాడు. రిటైరైన మర్నాడు పొద్దున వసారాలో పడక్కుర్చీలో కూర్చున్న మనిషి, ఆరు నెలలైనా లేవలేదు. (భోజనానికీ నిద్రకీ లేచేవాడనుకోండి. కానీ ఆ లేవడం కూడా కూర్చున్నట్టే ఉండేది.) గేటు దాటడు. పేపరు చదవడు. ఎవరైనా పలకరిస్తే, రాని బండి గురించి అడిగినట్టు దిక్కులు చూస్తాడు. కాళ్ళకి నీరు పట్టింది. వీధి చివరి డాక్టరు వచ్చి, "నడవకపోతే ఈ కాళ్ళు ఇంక నడవవు" అని తేల్చేశాడు.

అత్త నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "ఒరేయ్, మీ మామ కాళ్ళు చూసినావా? బూరెల మాదిరి ఉబ్బినాయి. గుడికి రమ్మంటే రాడు, బీచికి రమ్మంటే రాడు. నిన్న ఏమన్నాడో తెలుసా? ఎందుకే పోయేది, ఆడ నాకోసం ఎవురు ఎదురుచూస్తాండారు అన్నాడు." అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుని, అదే కొంగుతో కాఫీ గిన్నె దించింది. ఏడుస్తూ కూడా పాలు పొంగనిచ్చే మనిషి కాదు.

మామ కళ్ళలో వెలుగు చూడాలంటే ఒక్కటే మాట ఎత్తాలి: చేపలు. సర్వీసులో ఉండగా ఏదో కొమ్మ లైనులో, వచ్చిన బండి మళ్ళీ బయల్దేరడానికి ఆరు గంటలు ఖాళీ ఉండేదట. ఆ స్టేషను వెనకాల చెరువు. ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు మామకి గేలం విసరడం నేర్పాడు. కర్రకి రీలు బిగించి, రీలుకి దారం చుట్టి, దారం చివర తళతళలాడే చిన్న రేకు కట్టి విసిరితే, అది చేపపిల్ల అనుకుని చేప పట్టుకుంటుందట. మాది వెల్లుల్లి కూడా గడప తొక్కని ఇల్లు. కాబట్టి మామ పట్టిన చేపని జాగ్రత్తగా విడిపించి, దానికో నమస్కారం పెట్టి, నీళ్ళలో వదిలేసేవాడు. ఆ కథ చెప్పేటప్పుడు మాత్రం మామ కుర్చీలోంచి జానెడు ముందుకి జరిగేవాడు. ఆ జానెడే మాకు దొరికిన ఆశ.

రీలు ఎప్పుడో తుప్పుపట్టి పోయింది. కర్ర ఏమైందని అడిగాను. మామ తల తిప్పకుండా పెరటి వైపు వేలు చూపించాడు. అప్పుడు తెలిసింది, పన్నెండేళ్ళుగా అత్త మడిబట్టలు ఎత్తుగా దండెం మీద ఆరేస్తున్నది ఆ కర్రతోనే! రైల్వేవాళ్ళు ఇచ్చిన జెండా కర్ర అనుకుందట పాపం.

"ఇన్నేళ్ళూ నేను మడి కట్టింది చేపల కర్రతోనా!" అని అత్త కొయ్యబారిపోయింది. వెంటనే వెళ్ళి తలస్నానం చేసింది. తర్వాత ఇల్లంతా కడిగింది. మూడు రోజులు మామతోనూ కర్రతోనూ మాట్లాడలేదు. నాలుగో రోజు నేను వెళ్ళేసరికి గుమ్మంలోనే ఆపి, "ఆ కర్రకి ఇంకా ఏమేం కావాలో పోయి కొనుక్కురా. చేప మాత్రం ఈ ఇంటికి రాకూడదు. ఆయన లేస్తే చాల్రా నాయనా" అంది. మా అత్త జీవితంలో అంత పెద్ద మాట ఇంకోటి అనలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

మామని అడిగితే, కళ్ళు మూసుకునే చెప్పాడు. "చిన్న రీలు, సన్న దారం. చెరువులో దొరికేది అరచెయ్యంత చేపలు. గుర్తు పెట్టుకో. ఎట్టాగూ నేను రానులే, నీ ఇష్టం."

మౌంట్ రోడ్డులో దొరల కాలం నాటి ఆటసామాన్ల షాపొకటి ఉండేది. లోపల, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్న ఒక తమిళ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నా తెలుగు వినగానే తనకొచ్చిన తెలుగంతా బయటికి తీశాడు. "ఏ మీనుకి తంబీ? చిన్నదా, పెద్దదా?"

"చిన్నవే. చెరువులో."

"అప్పుడు ఇది సరి" అని కాఫీ గ్లాసంత రీలు నా ముందు పెట్టాడు. దాని పక్కనే, గాజు బీరువాలో, మా ఇంటి రుబ్బురోలుకి తమ్ముడిలాంటి రీలు ఒకటి మెరుస్తోంది. "అదో?" అన్నాను. "అది సముద్రానికి" అన్నాడు. నేను దాన్ని కూడా తీయించి, ఒకటి ఎడమ చేతిలో, ఒకటి కుడి చేతిలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని తూకం చూశాను. రెండూ చేసేది దారం చుట్టే పనే. ధరలో తేడా కాస్తే. తూకంలో మూడింతల తేడా. తక్కువ ఇనుము ఇంటికి తీసుకెళ్తే మా నాన్న నన్ను గద్దె మీద కూర్చోనిస్తాడా? పెద్దదే కట్టమన్నాను.

"తంబీ, అది కర్రని వంచేస్తుంది."

"మా కర్ర పన్నెండేళ్ళు తడి చీరలు మోసిందండీ. దీనికి వంగదు."

ఇక దారం. నైలాన్ దారమట, నీళ్ళలో వేస్తే కంటికి కనిపించదట. "ఏమేం నంబర్లున్నాయి?" అని మా కొట్లో గొంతుతో అడిగాను. నాలుగు, ఆరు, ఎనిమిది, పది, ఇరవై, ముప్పై అన్నాడు. నాకు నవ్వాగలేదు. నాలుగో నంబరు నూలంటే గోనెసంచీ కూడా సిగ్గుపడుతుంది! మామ అడిగింది సన్న దారం. "ముప్పై ఇవ్వండి. అంతకంటే పై నంబరు లేదా మీ దగ్గర?"

పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదినుంచి ముక్కు మీదికి దించుకుని నన్ను మొదటిసారి పూర్తిగా చూశాడు. "ముప్పై ఎందుకు తంబీ? మీనుకా, గేదెకా?"

"అయ్యా, మాది మూడు తరాల నూలు వ్యాపారం. దారం సంగతి మాకు చెప్పాలా?"

ఆయన ముప్పై నంబరు డబ్బా తీసి నా ముందు పెట్టాడు. డబ్బా మీద కాగితం అంటించి ఉంది. విప్పి చూపించమని నేను అడగలేదు. మా బజారులో కట్ట విప్పినవాడు కొన్నట్టే లెక్క. ఆ పరువు నేను మౌంట్ రోడ్డులో కూడా కాపాడాను.

సాయంత్రం పురసవాక్కం వీధి నడుమ నా ప్రదర్శన. మామ తన పాత పొగాకు డబ్బాలోంచి చిటికెన వేలంత తళుకు రేకు ఒకటి తీసి ఇచ్చి, "విసిరి చూపించు, ఈడనుంచే చూస్తా" అని కుర్చీలో సర్దుకున్నాడు. డబ్బా విప్పాను. దారం కాస్త లావుగా అనిపించిన మాట నిజం. (నైలాన్ కదా, సన్నగా ఉండి లావుగా కనిపిస్తుందేమో అని సమాధానపడ్డాను. అంతటి శాస్త్రజ్ఞుణ్ణి.) రీలుకి అంచు దాకా, ఇంకా మిగిలితే అంచు పైదాకా చుట్టాను. వీధిలో జనం మూగారు. ఎదురింటి తాసిల్దారుగారు కూడా చుట్ట ఆర్పేసి చూస్తున్నారు. కర్ర వెనక్కి ఎత్తి, కోదండరాముడిలా నిలబడి, విసిరాను.

రేకు మూడడుగుల దూరం వెళ్ళి, ఆలోచించుకుని, వెనక్కి వచ్చి నా పంచెకి తగులుకుంది. దారం మాత్రం ఎప్పుడెప్పుడా అని ఎదురుచూస్తున్నట్టు రీలు మీదినుంచి స్ప్రింగులా లేచి, చుట్టలు చుట్టలుగా, జాంగ్రీలు జాంగ్రీలుగా నా మెడ మీద, భుజాల మీద, తాసిల్దారుగారి గుమ్మం మీద పడింది. నేను లాగితే అది బిగుసుకుంది. వదిలితే ఇంకా వచ్చింది. ఆ దారం పొడుగు ఆ పూట పురసవాక్కం నుంచి వాషర్‌మెన్‌పేట్ దాకా ఉందని నేను ఇప్పటికీ అంటాను.

"రేయ్, ఏ నంబరురా అది?" అని వసారాలోంచి కేక.

"ముప్పై, మామా! ఉన్నదాంట్లో సన్నది!"

"సన్నదా? అది దారం మోసే బరువురా, సన్నాసీ! ముప్పై అంటే ముప్పై పౌన్లు లాగితే గాని తెగదు! నంబరు పెరిగితే లావు! నూలు బుర్ర నువ్వూనూ! ఆ రీలేందిరా, బావిలో చేద తోడేదా? ఈ లావు దారాన్ని ఆ చిటికెడు రేకు ఎట్టా లాక్కుపోతాదిరా? కదలబాక! కోసుకుంటావు! కదలబాకంటే!"

ఆ చివరి "కదలబాక" నా చెవి పక్కన వినిపించింది. తల తిప్పితే మామ నా పక్కన ఉన్నాడు. వసారా మెట్లు మూడూ దిగి, గేటు తెరుచుకుని, చెప్పులు కూడా లేకుండా వీధి నడుమకి వచ్చి, నా మెడ చుట్టూ ఉన్న దారం విప్పుతున్నాడు. గుమ్మంలో అత్త చేతిలో గరిటెతో నిలబడిపోయింది. నేను నోరు తెరవబోతే ఆవిడ గరిటె నోటికి అడ్డం పెట్టుకుని నన్ను ఆపింది. మామకి ఇదేమీ తెలియదు. తిడుతూనే ఉన్నాడు. "కోటు తేవే! ఇట్టా వదిలితే వీడు రేపు హార్బరు లంగరు కొనుక్కొస్తాడు. షాపు ఎన్నింటికి మూస్తారో!"

బస్సులో మౌంట్ రోడ్డు దాకా తిట్లు ఆగలేదు. షాపులో పెద్దాయన మమ్మల్ని చూసి, చుట్టలు పడ్డ దారాన్ని చూసి, ఏమీ అడక్కుండా చిన్న రీలు ముందు పెట్టాడు. మామ దాని పిడిని చెవి దగ్గర పెట్టుకుని తిప్పాడు, గడియారం బాగుచేసేవాడిలా. గరగరమంటే వద్దట. దారం కట్టించి, బిగింపు మర కాస్త వదులు చేసి, వేళ్ళతో లాగి చూశాడు. కుదుపు లేకుండా మెత్తగా వదలాలట, లేకపోతే చేప ఒక్క గుంజు గుంజితే తెగుతుందట. దారం నాలుగో నంబరు. అంచుకి వడ్లగింజంత తక్కువగా చుట్టించాడు. "ఎక్కువైతే చుట్టలుగా రాలతాది. తక్కువైతే అంచుకి రాసుకుని దూరం పోదు. విన్నావా?" విన్నాను. ఇద్దరు ముసలివాళ్ళూ గంటసేపు, చెరి సగం అరవమూ తెలుగూ కలిపి, చేపల గురించి మాట్లాడుకున్నారు. నేను స్టూలు మీద కూర్చుని సముద్రపు రీలుని చూస్తూ ఉన్నాను. దాన్ని పెద్దాయన వెనక్కి తీసుకున్నాడు. దారం తీసుకోలేదు. అది మా అత్త పెరట్లో దండెం అయింది. ఎన్ని తడి చీరలేసినా సాగలేదు.

ఆ ఆదివారం రెడ్‌హిల్స్ చెరువు గట్టున మామ మొదటి విసురు విసిరాడు. రేకు గాలిలో సన్నగా ఈల వేస్తూ, ఎక్కడో దూరంగా, చప్పుడు లేకుండా పడింది. పదకొండో విసురుకి అరచెయ్యంత చేప పడింది. మామ దాన్ని తడి చేత్తో విడిపించి, నమస్కారం పెట్టి, వదిలేశాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం రెండు బస్సులు మారి, మైలున్నర నడిచి వెళ్ళేవాడు. ఎవరైనా ఎక్కడికని అడిగితే, "అవి ఎదురుచూస్తా ఉంటాయి" అనేవాడు. పద్నాలుగేళ్ళు అట్లా నడిచాడు.

ఆ మొదటి ఆదివారం సాయంత్రం అత్త నాకు రెండు లోటాల కాఫీ ఇచ్చి, "నిజం చెప్పు, తెలిసే చేసినావు కదూ? ఆయనకి కోపం తెప్పించి లేపాలనే కదూ?" అంది. నేను లోటాలోకి చూస్తూ అవునన్నాను. ఆవిడ పోయేదాకా బంధువులందరికీ నా తెలివి గురించి చెప్పింది. నా పేరు పాకి, కుర్చీ వదలని పెద్దలున్న మూడు ఇళ్ళవాళ్ళు నన్ను పిలిపించుకున్నారు. మూడు చోట్లా ఆలోచించి మరీ తప్పు వస్తువులు కొనిచ్చాను. ఒక్కరూ లేవలేదు.

ఇప్పుడు నేనూ ఒక పడక్కుర్చీలో ఉన్నాను. మోకాళ్ళు నొప్పి. మా ఆవిడ నడవమంటుంది, నేను రేపంటాను. నిన్న సాయంత్రం మా రెండోవాడు నా కోసం నడిచే బూట్లు కొనుక్కొచ్చాడు. నా పాదానికి రెండు నంబర్లు పెద్దవి, రంగు నారింజ. వాడి తెలివితక్కువతనం గురించి అరగంట ఉపన్యాసమిచ్చి, కోపం పట్టలేక, షాపువాణ్ణి నేనే నిలదీస్తానని గేటు దాకా వచ్చేశాను. వెనక్కి చూస్తే వాడు వసారాలో తల వంచుకుని నిలబడి ఉన్నాడు. తెలిసే తెచ్చాడా అని అడగబోయి, మానుకుని, చొక్కా గుండీలు పెట్టుకుని, షాపు వైపు నడిచాను.