బాతుకీ హంసకీ నడుమ మా మామయ్య

మా మామయ్య ఈ లోకంలో ఎవర్నీ నమ్మడు. 'ఎవర్నీ' అంటే తనని కూడా కలుపుకునే చెబుతున్నాను. తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్ళి, "వేసింది నేనేగా, ఏమో!" అంటూ వెనక్కొస్తాడు. జ్వరం లేదని డాక్టరంటే థర్మామీటర్ని అనుమానిస్తాడు.

ఒకరోజు అత్తయ్య నవ్వుతూ వడ్డించింది.

"ఏం పగలగొట్టావు?" అన్నాడు.

"ఇంకా లేదు. మరొక్క మాటనండి, చూద్దాం," అంది అత్తయ్య.

ఈయనది బట్టల సబ్బుల కార్ఖానా. పసుపు కాగితం, నీలం సున్నా, అందులో తెల్ల బాతు. ఆ సబ్బుతో మురికి వదిలేది. మురికితోపాటు చేతి తోలూ వదిలేది. ఎవరూ మెచ్చుకునేవారు కాదు గానీ మానేసేవారూ కాదు. మామయ్యకి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

అలాంటిది ఉన్నట్టుండి పొగడ్తలు మొదలయ్యాయి. "మీ సబ్బు ఈమధ్య ఎంత బావుందండీ! చేతులు మండటమే లేదు," అంది పక్కింటావిడ.

మామయ్య ముఖం పాలిపోయింది. "నా సబ్బుకి చేతులు మండకపోవడమేమిటి? ఇందులో ఏదో మోసం ఉంది!"

కూపీ లాగితే తేలింది. కార్ఖానాలో ఏళ్ళ తరబడి సబ్బులకి కాగితాలు చుట్టినావిడ పని మానేసి, ఇంట్లోనే సొంతంగా సబ్బు తయారుచేస్తోంది. పసుపు కాగితం, నీలం సున్నా, తెల్ల హంస. దానికి ట్రేడ్‌మార్కు కోసం దరఖాస్తు కూడా పెట్టింది. మార్కు రిజిస్టరైతేనే సరుకు తీసుకుంటానని ఊళ్ళోని పెద్ద దుకాణందారు చెప్పాడట. ఆవిడ బతుకంతా ఆ హంస మీదే ఉంది.

"అభ్యంతరం వెయ్యి," అని హుకుం జారీ చేశాడు మామయ్య. నేను ప్లీడర్ని, పైగా మేనకోడల్ని. తప్పించుకునే దారి లేదు.

"పోనీలే మామయ్యా, పాపం, మన దగ్గర పనిచేసిన మనిషి."

"ఆవిడ తరఫున మాట్లాడుతున్నావేం? ఏదీ, చెయ్యి చూపించు."

చూపించాను. మెత్తగా ఉంది. అడ్డంగా దొరికిపోయాను.

విచారణ రోజున ట్రేడ్‌మార్కుల అధికారి బల్లమీద రెండు సబ్బులూ పక్కపక్కన పెట్టారు. ఆవిడ ప్లీడర్ని పెట్టుకోలేదు. తానే లేచింది.

"మెడ చూడండి సార్! బాతుకి ఇంత మెడ ఉంటుందా?"

నిజమే, మెడ కాస్త పొడుగే. కానీ అది బాతు మెడ సాగదీసినట్టే ఉంది. అధికారి కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, హంస సబ్బు చేతిలోకి తీసుకుని, "ఈ బాతు..." అన్నారు. ఆవిడ కుర్చీలో కూలబడింది. నాకు గెలుస్తున్నందుకు సిగ్గేసింది.

"దీనివల్ల మీకు జరిగిన నష్టమేమిటి?" అని అధికారి మామయ్యనడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆయన లేచాడు.

"నాకు నష్టమేమిటండీ, లాభమే! ఆవిడ చేసిన సబ్బుకి జనం నన్ను మెచ్చుకుంటున్నారు. ఇదే రిజిస్టరైతే జన్మంతా చాకిరీ ఆవిడది, పేరు నా బాతుది. నేనొప్పుకోను."

గదిలో అందరికంటే ముందు తేరుకున్నది ఆవిడే.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా అయ్యగారూ?"

"పోటీవాడొచ్చి, నీ మంచికే చెబుతున్నా, కాగితం మార్చుకో అంటే నమ్ముతావా? నేనైతే చచ్చినా నమ్మను!"

ఆవిడ నవ్వేసింది. దరఖాస్తు వెనక్కి తీసుకుని, ఆకుపచ్చ కాగితంమీద తన రెండు చేతుల బొమ్మతో కొత్తది పెట్టింది. ఆ దరఖాస్తు రాసిపెట్టింది నేనే. రాయమన్నది ఎవరో చెప్పక్కర్లేదు.

అయితే కొత్త మార్కు తేలడానికి చాలా కాలం పడుతుంది. అందాకా దుకాణందారు సరుకు తీసుకోడు కదా! మామయ్య చెప్పులేసుకుని తానే బయల్దేరాడు. తిరిగొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

"ఒప్పుకున్నాడా?" అన్నాను.

"లేదు. పోటీవాళ్ళ సరుకు నువ్వు సిఫార్సు చెయ్యడమేమిటి, ఇందులో ఏదో మతలబుందన్నాడు. ఒక్క ముక్క నమ్మలేదమ్మాయ్! ఎంత బుద్ధిమంతుడు! ఆవిడ సరుకుండాల్సింది అలాంటివాడి దగ్గరే. నమ్మేదాకా రోజూ వెళ్తాను."

రోజూ వెళ్ళాడు. చివరికి ఆ దుకాణందారు నమ్మలేదు గానీ, ఈయన్ని వదిలించుకోడానికి సరుకు తీసుకున్నాడు.