అడుగున ఉంచే గుప్పెడు

మా అత్తయ్య, అంటే మా నాన్నకు అక్క, బస్సు డిపోలో సామాన్ల గదికి ముప్ఫై ఏళ్లు కాపలా కాసింది. బోల్టులు, బల్బులు, బెల్టులు అన్నీ ఆమె చేతి మీదుగానే పోవాలి. కొత్త బల్బు కావాలంటే మాడిపోయిన పాతది తెచ్చి చూపించాలి. మెకానిక్కులు ఎంత మొత్తుకున్నా అరలో ఉన్న ఆఖరి బోల్టు మాత్రం ఇచ్చేది కాదు. అర ఖాళీగా కనబడితే పై ఆఫీసరు మొదట ఆమెనే నిలదీస్తాడు. ఒక్కటి మిగిలినా "ఉంది" అని చెప్పొచ్చు. ఆ ఒక్కదాన్ని అడ్డం పెట్టుకునే ఒక్క మాట పడకుండా ఉద్యోగం నెగ్గుకొచ్చింది.

రిటైరయ్యాక మా ఇంట్లో సరుకుల గది తాళం ఆమె నడుముకు ఎక్కింది. వంట అమ్మా నేనూ చేసేవాళ్లం. అత్తయ్య ఆ గది గుమ్మంలో స్టూలు వేసుక్కూర్చుని సరుకు ఇచ్చేది.

"పప్పు కావాలి అత్తయ్యా."

"నిన్న ఇచ్చింది ఏమైంది?"

"తిన్నాం."

"మొత్తమా?"

సబ్బు కావాలంటే అరిగిపోయిన బిళ్ల తేవాలి. ఒకసారి నాన్న స్నానాల గదిలోంచి కేకలు పెట్టాడు. "అక్కా, పాతది కాలవలోకి జారిపోయింది. ఎక్కణ్ణుంచి తేను?"

"జారిపోయిందని రాసివ్వు" అంది అత్తయ్య. నేను తలుపు సందులోంచి కాగితం, పెన్సిలు అందించాను. నాన్న తడిచేత్తో రాసిచ్చాడు.

ఏ డబ్బానూ ఆమె ఖాళీ కానిచ్చేది కాదు. అడుగున ఒక గుప్పెడు ఉంచేసి, కొత్త సరుకు ఇంకో డబ్బాలో పోసేది. అలా ఏళ్ల తరబడి ఉంచగా ఉంచగా గదినిండా డబ్బాలు, డబ్బాకో గుప్పెడు.

అమ్మ బట్టలు కుడుతుంది. మిషన్ మెట్ల కింద ఉండేది. లేచినప్పుడల్లా తలకు మెట్టు తగిలేది. ఒకరోజు కాస్త గట్టిగానే తగిలింది. తల మీద ఇంకో తల మొలిచినట్టు బొప్పి కట్టింది. చేత్తో దాన్ని నొక్కుకుంటూ వచ్చి భోజనాల దగ్గర అనేసింది.

"ఆ గదిలో తినేవి ఏమున్నాయి వదినా? ఎలుకలు కూడా ఒకసారి తొంగి చూసి, మూతి ముడుచుకుని పక్కింటికి పోయాయి. ఖాళీ చేస్తే నా మిషన్ వేసుకుంటా."

అత్తయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "తినేవి లేవా? రెండు వారాలు బయటినుంచి ఉప్పుగల్లు కూడా తేకుండా ఇంటిల్లిపాదికీ మూడు పూటలా పెడతా. పెడితే ఆ గది జోలికి జన్మలో రాకూడదు."

"ఒక్క పూట తప్పినా గది నాది. వండేదెవరు మరి?"

"నేనే."

నీళ్లు తాగుతున్న నాన్నకు పొలమారింది. దగ్గు ఆగాక, "మధ్యలో నా కడుపు సంగతి ఎవరైనా అడిగారా?" అన్నాడు. ఎవరూ అడగలేదు.

మొదటిరోజు అత్తయ్య నాలుగు డబ్బాల గింజలు ఒకే గిన్నెలో పోసి ఉడికించింది. సగం పేస్టయింది. సగం రాళ్లలాగే ఉంది. నాన్న ఒకటి పంటికింద పెట్టి దవడ పట్టుకున్నాడు.

"అక్కా, ఇవి డిపోలోంచి తెచ్చిన బేరింగు గుండ్లు కాదు కదా?"

అమ్మ ఒక్క వంక పెట్టలేదు. మెల్లగా నములుతూ గది వైపు చూసి, "ఆ కిటికీలోంచి పొద్దున ఎండ వస్తుందా వదినా?" అని అడిగింది.

ఆ మాట అత్తయ్యకు ఎక్కడో తగిలింది. మర్నాడు నన్ను పిలిచి డబ్బాలన్నీ కిందికి దింపించింది. ఏ గుప్పెడు ఎప్పుడు ఉంచిందో ఆమెకు గుర్తుంది.

"ఇవి మీ నాన్న కాలు విరిగినప్పటివి. ముసలివి. నిన్నటినుంచే నానాల్సింది. ఈ శనగలు నువ్వు బడి మానేసిన నెలవి. మొండివి, చాలాసేపు ఉడకాలి. ఇవి మొన్నటివి, ఆఖర్న వేస్తే చాలు."

అలా వయసులవారీగా వరసలు పెట్టాం. ఆ తర్వాత తిండికి దారి దొరికింది. ఆరు రకాల మాకరోనీ గుప్పెడేసి ఉంటే, గోడ గడియారం చూస్తూ, డిపోలోంచి బస్సులు వదిలినట్టు ఒక్కో రకాన్నీ దాని టైముకు నీళ్లలోకి వదిలింది. అన్నీ ఒకేసారి ఉడికాయి. బార్లీలో ఎండు టమాటా వేసింది. వారం తిరిగేసరికి ఓట్స్ పొడి, ఎండుద్రాక్ష కలిపి మూకుట్లో రొట్టె కాల్చింది. అమ్మ మూడో ముక్క తీసుకుంది.

"పాడైపోతుందేమోనని" అంది.

"ఇప్పుడే పొయ్యి దిగింది. అంతలోకే పాడవుతుందా?" అంది అత్తయ్య.

సాయంత్రాలు వంట లేకపోయేసరికి అమ్మ మెట్ల కింద కూనిరాగం తీస్తూ కుట్టుకునేది. పందెం కాసింది తనేనని మర్చిపోయినట్టే ఉండేది.

ఖాళీ డబ్బాలు కడగడం నా పని. పదోరోజుకి పెరటి గోడ పొడుగునా బోర్లించాను. అత్తయ్య టీ గ్లాసుతో వచ్చి చూసి నిలబడిపోయింది. వంగి ఒకదాని మీద వేలితో కొట్టింది. ఖంగుమంది.

"ఇంత మోగుతాయా ఇవి?" అంది. టీ తాగకుండానే లోపలికి వెళ్లిపోయింది.

ఆ గది నిలబెట్టుకోవాలంటే దాన్ని ఖాళీ చేయాలి. పందెం కాసేటప్పుడు ఆ సంగతి ఆమెకు తట్టలేదనుకుంటా. ఆ రోజునుంచి ఆమె గుప్పెడు చిన్నదైపోయింది. గింజలు చేతిలోకి తీసుకున్నాక నాలుగైదు మళ్లీ డబ్బాలోకి జారేవి. నేను చూశాను. నేను చూడటం ఆమె కూడా చూసింది.

పద్నాలుగోరోజు రాత్రి భోజనం ఒక్కటే మిగిలింది. డబ్బాలు పదకొండు మిగిలాయి. గిన్నెలో నీళ్లు మరిగి ఇగిరిపోయాయి. మళ్లీ పోశాను. మళ్లీ ఇగిరాయి. అత్తయ్య గరిటె ఒళ్లో పెట్టుకుని స్టూలు మీదినుంచి కదల్లేదు.

నాన్న పనినుంచి వచ్చి, చేతులు కడుక్కుని, పళ్లెం ముందు కూర్చుని, మళ్లీ లేచి వచ్చాడు. "ఏమైంది అక్కా?"

"స్టాకు లేదు."

"అవేమిటి మరి?"

"అవి ఉంచేవి. ఇచ్చేవి కావు."

అమ్మ కూడా వచ్చింది. డబ్బాలు చూసింది, అత్తయ్యను చూసింది. "అయితే గది నాదేగా" అంది. అనడమైతే అంది గానీ, గొంతులో గెలిచిన మనిషి హుషారు లేదు.

"పూట ఇంకా దాటలేదు" అంది అత్తయ్య.

"దాటుతోంది వదినా."

ఎవరూ కదలడం లేదు. గిన్నె మూడోసారి అడుగంటబోతోంది. నీళ్లు పోసి, దగ్గర్లో ఉన్న డబ్బా చేతిలోకి తీసుకున్నాను.

"అత్తయ్యా, కళ్లు మూసుకోండి" అన్నాను.

నేను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారని నాన్న తర్వాత చెప్పాడు. అత్తయ్య నిజంగానే మూసుకుంది. మూత తీశాను. డబ్బా వంచాను. రెండు గింజలు గిన్నెలో పడ్డాయో లేదో అత్తయ్య కళ్లు మూసుకునే కేకేసింది.

"అది ఎర్రపప్పు! ఆగవే, ముందు బఠాణీ వెయ్యాలి! ఎర్రపప్పు ముందేస్తే జావ అయిపోదూ!"

"బఠాణీ ఏ డబ్బా?"

"నీ మోచేతి దగ్గరున్నది. అది కాదు, మూత సొట్టది. ఎన్నిసార్లు చెప్పాను! జరుగు."

లేచి వచ్చి నన్ను పక్కకు నెట్టింది. బఠాణీ పడింది, తర్వాత బార్లీ, తర్వాత బియ్యం. ఆఖరి డబ్బాను ఆమే గిన్నె అంచుకు రెండుసార్లు తట్టి దులిపింది. నాన్న రెండుసార్లు వడ్డించుకున్నాడు. అమ్మ గిన్నె అడుగు గీకింది. పందెం అత్తయ్యది, గది అత్తయ్యది.

మర్నాడు పొద్దున ఆమె గది తాళం తీసి, ఎప్పటిలాగే గుమ్మంలో కూర్చుంది. లోపల వట్టి అరలు. అటు ఎవరూ రాలేదు. రావడానికి పనేముంది? కాసేపయ్యాక నన్నే పిలిచింది.

"ఏమే, ఏమైనా కావాలా?"

"ఏమున్నాయి అత్తయ్యా?"

"ఏమీ లేవు."

మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి మెట్ల దగ్గరికి వెళ్లింది. "వట్టి గదికి కాపలా కాయడానికి నాకేం పిచ్చా? నీ మిషన్ తెచ్చుకో."

అమ్మ లేవబోయి మెట్టుకు తల కొట్టుకుంది. "గెలిచింది మీరు కదా వదినా?"

"గెలిచాను కాబట్టే ఇస్తున్నా. ఓడితే ఇచ్చేదాన్ని కాదు."

అమ్మ కాసేపు తల రుద్దుకుంది. "మరి వంట?" అంది, చాలా జాగ్రత్తగా.

"వంట నేనే చేస్తా. నువ్వు చేసేదీ ఒక వంటేనా?"

పెళ్లై వచ్చినప్పటినుంచి అత్తయ్య మాటకు మాట బదులు చెప్పే అమ్మ ఆ ఒక్కదానికి నోరెత్తలేదు. మిషన్‌కు ముందువైపు నాన్న, వెనకవైపు నేను పట్టుకుని గుమ్మం దాకా మోశాం. అక్కడ అత్తయ్య అడ్డంగా నిలబడింది.

"ఒక్క మాట. అరలు నావి."

"అరలన్నీ మీవైతే నా గుడ్డలు ఎక్కడ పెట్టుకోను? ఒక అర మీకు."

"ఒక అరలో ఏం పెట్టుకోను, నా మొహమా? మూడు."

"రెండు."

"మూడు. కిందివి."

"కింద నా కాళ్లు పట్టాలి వదినా!"

"కాళ్లు ముడుచుకో. ఇన్నాళ్లూ మెట్ల కింద తల ముడుచుకోలేదూ?"

"మీరిద్దరూ తేల్చుకునేలోపు నా నడుము పోయేట్టుంది" అన్నాడు నాన్న. మిషన్‌ను గడప మీదే దించి, దాని మీద కూర్చున్నాడు. అటువాళ్లు ఇటు రాకుండా, ఇటువాళ్లు అటు పోకుండా.