ఆఖరి గది నల్లా

డాక్టరమ్మ పోయారని ఇస్నాపూర్‌లో మందుల షాపు నడిపే మిత్రుడు ఫోన్ చేశాడు. పటాన్‌చెరులో ఏళ్ల తరబడి కడుపు ఆపరేషన్లు చేసిన సర్జన్ ఆమె. ఎవరికి పడితే వారికి నొప్పి గోలీలు అమ్ముతున్నాడని ఆమె అతన్ని తిట్టేవారు. "ఇగ తిట్టేటోళ్లు లేరన్నా" అన్నాడు.

ఇక్కడ ఫ్యాక్టరీ మనుషులు కడుపు నొస్తే గోలీ మింగి షిఫ్టుకు పోతారు. ఒకసారి మా బామ్మర్దీ అదే చేశాడు. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, వాంతులు. నేను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లేసరికి నొప్పి తగ్గింది. స్కానింగ్‌లో మాత్రం అపెండిక్స్ వాచి ఉంది.

"నొప్పి లేదు మేడం. షిఫ్టుకు పోత."

"పో. గేటు దాక నడిచిపోతవ్. వచ్చేటప్పుడు మోసుకొస్తరు. ఏడుంటవ్‌రా?"

"ఇస్నాపూర్ల. కిరాయి గదుల్ల ఆఖరిది."

"నల్లా వస్తదా?"

"ముందటోళ్లు పైపు మీద బండి పెడితే రాదు."

"నీ అపెండిక్స్ గూడ ఆఖరి గదే. దానికి నెత్తురు తెచ్చే నాళం ఒక్కటే. వాపు దాన్ని నొక్కితే ఇంకో దిక్కుకెల్లి రాదు. కుళ్లి పలుగుతది. నొప్పి తగ్గిందంటే బాగైనట్టేం కాదు బిడ్డా. సెప్పేటోడు సచ్చిండని గూడ కావచ్చు."

వాడు చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

అపెండిక్స్ కొన నల్లబడింది, ఇంకా పగల్లేదని ఆపరేషన్ తర్వాత చెప్పారు. ముందు నాళాన్ని కట్టాలి, తర్వాతే కోయాలి అనేది ఆమె పద్ధతి. కట్టు జారితే నాళం కొవ్వు పొరలోకి జారుకుని లోపలే నెత్తురు కారుతుంది. కొందరిలో రెండో చిన్న నాళం కూడా ఉంటుంది. అందుకే కట్టాక తెల్లటి గుడ్డ ఆనించి, ఎరుపు కనిపిస్తుందేమోనని చూస్తూ నిలబడేవారట. జూనియర్లు తొందరపడితే, "నెత్తురుకు జెర టైమియ్యి. ఉంటే అదే సెప్తది" అనేవారు.

డాక్టరమ్మ దహనం అయ్యాక బామ్మర్దిని వాడి గది దగ్గర దింపాను. గుమ్మం ముందు బకెట్ ఖాళీగా ఉంది. వాడు పైపు వెంట వెనక్కి నడిచాడు. ఎవరిదో బండి దాని మీద నిలబడి ఉంది. బండిని పక్కకు జరిపి, తిరిగొచ్చి బకెట్ ముందు కూర్చున్నాడు. పైపు ఒకసారి కదిలింది. ముందు గాలి వచ్చింది, తర్వాత సన్నగా నీళ్లు.